పాట తీసేసిన రీలు

పెళ్ళి వీడియోలో ఏడుపు ఎక్కడ కత్తిరించాలో తెలిసినవాడు ప్రపంచంలో దేన్నయినా అమ్ముకోగలడని స్టూడియో నడిపే అన్నయ్య అంటూండేవాడు. ఆ విద్య అతనికన్నా చెల్లెలికే బాగా అబ్బింది. అలిగిన బావగారూ, ఆవలించిన చుట్టమూ, భోజనాల దగ్గర గొంతు చించుకున్న పెదనాన్నా ఆమె బల్ల దాటేసరికి మాయమైపోయేవారు. మిగిలినవాళ్ళంతా నవ్వుతూనే ఉండేవారు. ఇప్పుడా విద్యతోనే ఆమె ఫుట్‌బాల్ ఆటగాళ్ళని క్లబ్బులకి చూపిస్తోంది.

విజిటింగ్ కార్డు మీద 'క్రీడాకారుల ప్రతినిధి' అని వేయించుకుంది. మైదానం దగ్గర మాత్రం అందరూ ఏజెంటమ్మ అనే పిలుస్తారు, సగం మర్యాదకీ సగం ఎగతాళికీ. ఆఫీసంటే స్టూడియో వెనక గదిలో ఓ మూల, ఓ బల్ల, ఓ కంప్యూటరు. ఆ మూలలోకి ఆల్బమ్‌లు అచ్చువేసే మెషిను తెస్తానని అన్నయ్య ఆర్నెల్లుగా చెబుతున్నాడు.

"నీ ఆటగాళ్ళ కంటే పెళ్ళికొడుకులు నయమే. ఒక్కరోజైనా చెప్పినచోట నిలబడతారు," అన్నాడు ఆ సోమవారం పొద్దున కూడా, టేపు పట్టుకుని గోడ కొలుస్తూ.

అప్పుడే ఫోను మోగింది. అవతల పెద్ద క్లబ్బులో గోల్‌కీపర్లకి తర్ఫీదు ఇచ్చే ముసలి కోచ్. మీ కీపరు రీలు చూశాం, డైరెక్టరుగారికి నచ్చింది, బుధవారం డాక్టరు పరీక్ష, మూడు గంటలకి సంతకాలు అన్నాడు. ఆమెకి గుండె ఓ మెట్టు ఎక్కి దిగింది. ఏజెంటుగా నాలుగో ఏడు. పెద్ద క్లబ్బు గుమ్మం ఎక్కడం ఇదే మొదలు. కోచ్ ఇంకా ఫోను పెట్టెయ్యలేదు.

"ఆపిన బంతులు అందరూ చూపిస్తారమ్మా. వదిలేసినవి పది పంపించు. గోల్ పడ్డాక కీపరు ఏం చేస్తాడో చూస్తే గానీ నేను ఎవర్నీ ఒప్పుకోను. అది నా పద్ధతి. రేపు సాయంత్రంలోగా పంపు."

ఫోను పెట్టేసి అన్నయ్య వైపు చూసింది. "కొలిచింది చాల్లే. బుధవారం దాటితే నీ మూల నువ్వే ఉంచుకో. నేను వేరే గది చూసుకుంటా."

ఆ కీపరుని ఊరంతా కొంగ అంటుంది. ఆరడుగుల మీద ఇంకో చెయ్యెడు పొడుగు. బంతి దూరంగా ఉన్నప్పుడు మెడని ఎడమకి తిప్పి, కదలకుండా, ఓరగా చూస్తూ నిలబడతాడు. అచ్చం మడుగులో చేపకోసం కాచుకున్న కొంగలాగే. అతను బస్సు దిగితే చిన్నపిల్లలు మెడలు తిప్పి నిలబడతారు. ఏజెంటమ్మ రీలు మొదలయ్యేది కూడా ఆ మెడతోనే. నిదానంగా తిరిగే మెడ, ఓరచూపు, ఆ తర్వాత దద్దరిల్లే పాట, పాట మీద పదహారు బంతులు. 'చూపులోనే సగం బంతిని పట్టేస్తాడు' అని కింద తనే రాసింది. ఆ ముక్క రాసిన రోజు తనమీద తనకే ముచ్చటేసింది.

ఒక్కో ఆటగాడికి ఆమె దగ్గర రెండు ఫోల్డర్లుంటాయి. ఒకదాని పేరు మంచివి, రెండోదాని పేరు చెత్త. చెత్తని పారెయ్యదు. పెళ్ళిళ్ళ దగ్గర నేర్చుకున్న జాగ్రత్త అది. ఆరు నెలలు పోయాక ఎవరో ఒకరొచ్చి, మా మేనత్త ఏదమ్మా అని అడుగుతారు.

కొంగ చెత్తలో పద్నాలుగు గోల్స్ ఉన్నాయి. వరసగా పేర్చింది. పన్నెండు ఎడమ పక్కనుంచి పడినవే. ఆమె ఆశ్చర్యపోలేదు. దానికి కారణం అందరికీ తెలిసిందే. ఎడమ పక్క కాపు కాసే డిఫెండరు సరిగ్గా ఆడడు. మ్యాచ్ మొదలైన దగ్గర్నుంచి అయిపోయేదాకా అరుస్తూనే ఉంటాడని అతనికి మైకు అని పేరు. సెమీఫైనల్లో అతని పక్కనుంచే మూడు గోల్స్ పడ్డాయి. మర్నాడే టీములోంచి తీసేశారు. అది జరిగి రెండు నెలలైంది. నన్ను కూడా ఏ క్లబ్బుకైనా చూపించండి మేడం అని ఓసారి ఆమె దగ్గరికే వచ్చాడు. నీ పక్కనుంచే గోల్స్ పడుతుంటే నేనేం చూపించనయ్యా అంది. అతను నవ్వి, టీ తాగి, గ్లాసు కడిగి పెట్టి వెళ్ళిపోయాడు.

ఇప్పుడు చెయ్యాల్సిన పని తేలిక. తప్పు కీపరుది కాదు, ఆ పక్కవాడిది అని చూడగానే తెలిసేలా పది ముక్కలు కొయ్యాలి. బంతిని తన్నిన క్షణం దగ్గర కోత పడాలి. దాన్ని కంటితో వెతకడం దండగ. సౌండు గీతలో అక్కడ ఓ ముల్లు లేస్తుంది, ఆ ముల్లు పట్టుకుంటే చాలు. మొదటి ముక్కలో ముల్లు దొరికింది. దానికి అర సెకను ముందు ఇంకో చిన్న ముల్లు ఉంది. రెండో ముక్కలోనూ అంతే. మూడోదాంట్లోనూ.

హెడ్‌ఫోన్లు పెట్టుకుంది.

"లెఫ్టు, కింద." ఆ వెంటనే బంతి చప్పుడు.

"లెఫ్టు, పైన, దూరం." బంతి చప్పుడు.

మైకు గొంతు. ఆమె ఎప్పుడూ వినలేదు. వినాల్సిన అవసరం రాలేదు. సౌండు తీసేసి పాట పెట్టడమే ఆమె చేసే మొదటి పని. ప్రతి ముక్కలోనూ బంతి ఎటు వస్తోందో, ఏ ఎత్తులో వస్తోందో ఆ గొంతు ముందే చెబుతోంది. సెమీఫైనల్ ముక్కల్లో మాత్రం జనం హోరు సౌండు గీతని మొత్తం నల్లగా నింపేసింది. మైకు నోరు తెరిచి అరుస్తున్నాడు, నరాలు తేలిన మెడ కనబడుతోంది, గొంతు మాత్రం లేదు. కొంగ కదల్లేదు. మైకుని తీసేశాక ఆడిన రెండు మ్యాచ్‌ల్లో ఆ చిన్న ముల్లే లేదు. వల ఊగాకే కొంగ ఎడమకి తిరిగి చూశాడు.

మంచివి అనే ఫోల్డరు తెరిచింది. పాట తీసేసింది. మొదటి బంతి. లెఫ్టు, కింద. కొంగ దూకాడు, పట్టాడు. రెండోది. లెఫ్టు, దగ్గర. దూకాడు, పట్టాడు. నాలుగోది విన్నాక హెడ్‌ఫోన్లు తీసి బల్లమీద పెట్టేసింది.

"ఏమైందే, అలా అయిపోయావు?" అన్నాడు అన్నయ్య.

"ఏం లేదు. సౌండు ఎక్కువైంది."

*

మైకు ఇప్పుడు టైల్స్ గోడౌనులో పనిచేస్తున్నాడు. మర్నాడు ఆమె వెళ్ళేసరికి లారీలోంచి దిగిన పెట్టెలు విప్పుతున్నాడు. ఒక్కో పలకనీ అరచేతి మీద నిలబెట్టి, వేలి కణుపుతో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుంటాడు. ఖంగుమంటే కుడి పక్కకి, డొల్లగా పలికితే ఎడమ పక్కకి.

"కంటికి కనబడని బీట కూడా చెవికి దొరుకుతుంది మేడం. మా ఓనరు నాకు పనిచ్చింది అందుకే," అన్నాడు, ఆమె కూర్చోడానికి ఓ పెట్టెమీద సంచీ పరుస్తూ.

ఆమె ఫోనులో ఓ ముక్క పెట్టి వినిపించింది. లెఫ్టు, కింద. తన గొంతు వినగానే చేతిలోని పలకని కొట్టడం మానేశాడు. కాసేపటికి మళ్ళీ కొట్టాడు, కాస్త గట్టిగా.

అరవడం నాకు అలవాటు, అందుకేగా మైకన్నారు అన్నాడు. ఎన్నాళ్ళుగా అని ఆమె అడిగింది. పుట్టినప్పట్నుంచీ అన్నాడు. కొంగ కంటికి ఏమైందని అడిగింది. ఎవరి కంటికి అన్నాడు. నువ్వు నోరు విప్పితే నీమీద పడ్డ మచ్చ పోతుంది కదా అని ఆమె అంటే, అతను చేతులు దులుపుకుని ఎదురుగా చతికిలబడ్డాడు.

"మేడం, మేమిద్దరం ఒక కంచంలో తిని, ఒకే జత బూట్లు మార్చుకుని ఆడాం. పొద్దున నేను, సాయంత్రం వాడు. వాడి కాలు పెద్దది. బూట్లు వదులైపోయేవి. నేను గుడ్డ కుక్కుకునేవాణ్ణి." నవ్వాడు. "మీ పని అమ్మడం. అమ్మండి. నన్నేం అడక్కండి."

"మరి నీ సంగతి?"

శుక్రవారం ఓ చిన్న క్లబ్బులో ట్రయల్స్ ఉన్నాయన్నాడు. ఒక్కరోజు సెలవకి ఓనరు ఒప్పుకున్నాడు. ఇదే ఆఖరిసారి, ఇరవై ఆరేళ్ళొచ్చాయి, ఇది కాకపోతే ఈ పలకలే అన్నాడు, ఏదో బస్సు టైము చెప్పినంత మామూలుగా. ఆమె లేచి గుమ్మం దాకా వచ్చాక వెనకనుంచి పిలిచాడు.

"ఆ పెద్ద క్లబ్బులో ఎడమ పక్క ఆడేవాడెవడో కనుక్కోండి మేడం. నోరున్నవాడైతే బాగుండు."

*

కొంగ ఇల్లు రెండు గదులు. ముందు గదిలో వాళ్ళమ్మ ఇస్త్రీ పెట్టె దగ్గర నిలబడి ఉంది. గుమ్మం పక్కన ఓ నడివయసు మనిషి నేలమీద కూర్చుని కుర్చీకి వైరు అల్లుతున్నాడు. ఆవిడ తమ్ముడు. ఏజెంటమ్మ చెప్పులు విప్పుతుంటే అతను మెడని ఎడమకి తిప్పి, కదలకుండా, ఓరగా చూస్తూ ఉండిపోయాడు.

ఆమె కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. అదే మెడ. పాట ఒక్కటే తక్కువ.

"ఎవరమ్మా? కాస్త ఇటు ఎదురుగా రండి. ఆ పక్కనుంటే నాకు మనిషి లెక్కలోకి రాడు," అన్నాడతను. తర్వాత తనే, "ఇప్పుడు ఎదురుగా ఉన్నా అంతేననుకోండి, అలవాటు పోలేదు," అని నవ్వాడు.

లారీ తోలేవాణ్ణని చెప్పాడు. చూపు అంచులనుంచి లోపలికి ఎండిపోతూ వస్తుందట, ఎండాకాలం చెరువులాగా. నడిమధ్య నీళ్ళు ఆఖరిదాకా తేటగానే ఉంటాయి. లైసెన్సు పరీక్షలో అట్టమీది చిట్టచివరి అక్షరం దాకా చదివేవాడు. వాళ్ళ మేనమామకీ ఇదే వచ్చింది.

"మరి ఎప్పుడు మానేశారు?"

"మానలేదు. ఇంకొక్క ఏడాది తోలదామనుకున్నా." వైరుని వేలికి చుట్టి బిగించాడు. "పక్కనుంచి సైకిలొచ్చింది. దానిమీద ఎవరున్నారో నేను చూడలేదు. తర్వాత చెప్పారు."

ఇస్త్రీ పెట్టె చప్పుడు ఒక్క క్షణం ఆగి మళ్ళీ మొదలైంది.

కొంగ వెనక గదిలో బూట్లకి కొత్త లేసులు ఎక్కిస్తున్నాడు. ఆమె తలుపు దగ్గరకి వేసి, ఫోను అతని ముందు నిలబెట్టి, పద్నాలుగు గోల్సూ వరసగా పెట్టింది. సౌండుతో. అతనికి ఇంకా తెలియదేమో, ఎలా చెప్పాలా అని దారి పొడుగునా మాటలు కూర్చుకుంటూ వచ్చింది. ఆ మాటల అవసరం రాలేదు. ప్రతి ముక్కా మొదలవగానే, బంతి కదలకముందే అతను చెప్పేస్తున్నాడు.

"ఇది కనబడలేదు. ఇదీ అంతే. ఇది సగం కనబడింది, నాదే తప్పు. ఇది కనబడలేదు. ఇవి మూడూ సెమీఫైనల్. వాడు అరుస్తున్నాడని తెలుసు, వినబడలేదు."

ఎన్నాళ్ళుగా అని అడిగింది. ఏడాదిన్నర అన్నాడు. మైకుకి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఫ్లడ్‌లైట్లు వెయ్యగానే చూపు ఇంకా తగ్గుతుంది. డాక్టరు దగ్గరికి వెళ్ళాడు, దీనికి మందు లేదన్నారు.

"ఇంతమంది ఏజెంట్లుండగా నా దగ్గరికే ఎందుకొచ్చావు?" అంది. ఈ ప్రశ్నకి జవాబు తనకి తెలుసనే ఇన్నాళ్ళూ అనుకుంది. పెద్దవాళ్ళని కాదని తన దగ్గరికొచ్చాడని స్టూడియోకొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పుకుంది.

అతను లేసు ముడివేస్తూ తలెత్తలేదు. "మిగతావాళ్ళు పూర్తి మ్యాచ్‌లు అడిగారక్కా. మంచి ముక్కలుంటే చాలు అన్నది మీరొక్కరే."

ఆమె గోడకి ఆనుకుంది. ఇస్త్రీ బట్టల వేడి వాసన తలుపు సందులోంచి వస్తోంది. తన పనితనానికి నాలుగేళ్ళలో దొరికిన మెప్పు అదొక్కటే.

రెండు సీజన్లక్కా, అన్నాడతను. మామయ్యకి పూర్తిగా పోవడానికి ఐదేళ్ళు పట్టింది. ఈలోగా రెండు సీజన్లు ఆడితే అమ్మ ఆ పెట్టె పక్కన పడేస్తుంది. నేనేం లారీ తోలట్లేదు కదా, నాకు తగిలితే బంతి తగులుతుంది. మాటలన్నీ నెమ్మదిగానే అన్నాడు. ముడి మాత్రం మూడుసార్లు వేసి మూడుసార్లు విప్పాడు.

"మైకు?"

"వాడికి శుక్రవారం ట్రయల్స్ ఉన్నాయి. బాగా ఆడతాడు. వాణ్ణి చూస్తే ఎవరైనా తీసుకుంటారు."

ఇద్దరూ ఆ మాట నమ్మాలనుకున్నారు కాబట్టి నమ్మారు. పరీక్ష రోజు తను అతనికి ఎడమ పక్కనే ఉంటానంది ఆమె. అటునుంచి ఎవరొచ్చినా, ఏదొచ్చినా మోచేతిమీద వేలితో తాకుతుంది. ఒకసారి తాకితే మనిషి, రెండుసార్లు తాకితే చెయ్యి చాపాడని. గదిలోనే నాలుగుసార్లు చేసి చూశారు. నాలుగోసారి అతను ఎంత చక్కగా తిరిగి చెయ్యి కలిపాడంటే ఆమెకి నవ్వొచ్చింది.

సాయంత్రం స్టూడియోలో పది ముక్కలు కోసింది. అన్నిట్లోనూ మైకు ఒక అడుగు వెనక ఉన్నట్టు కనబడే చోటే కోత పెట్టింది. సౌండు గీతని ఎంచుకుని, ఒక్క మీట నొక్కింది. చిన్న ముళ్ళూ పెద్ద ముళ్ళూ అన్నీ చదునైపోయాయి. పంపించింది.

*

బుధవారం డాక్టరు పరీక్ష రెండు గంటలు పట్టింది. మోకాళ్ళు, మడమలు, గుండె, ఊపిరి. కళ్ళ దగ్గరికొచ్చేసరికి గోడమీద అట్ట. కొంగ చివరి వరస దాకా చదివి, దాని కింద అచ్చు వేసినవాళ్ళ పేరు కూడా చదివాడు. డాక్టరు నవ్వి సరే అని గీటు పెట్టాడు. కారిడార్లో ఎడమనుంచి ఓ బండి వచ్చింది, ఆమె ఒకసారి తాకింది, అతను పక్కకి జరిగాడు. మెట్ల దగ్గర ఇంకోసారి. ఎవరికీ అనుమానం రాలేదు.

సంతకాల గదిలో పొడవాటి బల్ల, దానిమీద మూడు కాగితాల దొంతర్లు, ఒక్కోదాని మీద ఒక్కో కలం. తన పేరు అచ్చులో ఉండటం ఆమె దూరంనుంచే చూసింది. ముసలి కోచ్ అప్పటికే కూర్చుని ఉన్నాడు. కొంగని పక్కన కూర్చోబెట్టుకుని భుజం తట్టాడు.

"పది గోల్సూ చూశానురా. ఒక్కదాని తర్వాత కూడా నువ్వు ఎవర్నీ తిట్టలేదు. చెయ్యెత్తి ఆ పక్కవాణ్ణి చూపించలేదు. నాకు అదే కావాలి. అలాంటి దరిద్రుణ్ణి పక్కనబెట్టుకుని అంత ఓర్పా."

కొంగ బల్లకేసి చూస్తున్నాడు.

"వాడికి శుక్రవారం ఎక్కడో ట్రయల్స్ అట. అక్కడి కోచ్ నా దగ్గర ఆడినవాడే. మీ అక్క పంపిన వీడియో వాడికీ పంపించేశా. నలుగురి టైమూ దండగ ఎందుకు. పిలవనంటున్నాడు." నీళ్ళ గ్లాసు ముందుకి జరిపాడు. "తాగు."

గ్లాసు బల్లమీద గీసుకున్న చప్పుడు చాలాసేపు వినబడినట్టనిపించింది ఆమెకి. కొంగ వైపు చూడలేకపోయింది. అతని చేతులు చూసింది. అంత పెద్ద చేతులు, గ్లాసుకి రెండు పక్కలా, ఖాళీగా.

ఎడమ పక్క తలుపు తెరుచుకుంది. డైరెక్టరు లోపలికొచ్చాడు. ఆమె ఒకసారి తాకింది. కొంగ లేచి నిలబడ్డాడు. డైరెక్టరు నవ్వుతూ దగ్గరికొచ్చి చెయ్యి చాపాడు. ఆమె రెండుసార్లు తాకింది.

కొంగ కదల్లేదు.

తెలిసిందో లేదో అని మళ్ళీ రెండుసార్లు, గట్టిగా తాకింది. అతను మెడ తిప్పాడు, చెయ్యి ఉన్న వైపు కాదు, ఆమె వైపు. ఆమెని చూసి, తెలుసు అన్నట్టు తలాడించాడు. డైరెక్టరు చెయ్యి గాల్లో అలాగే ఉంది. అతని నవ్వు కూడా అలాగే ఉంది, కొంచెం చల్లారింది.

"సార్, మీరు చెయ్యి చాపారని అక్క చెబితే తెలిసింది," అన్నాడు కొంగ. "నాకు కనబడలేదు. ఆ గోల్స్ కూడా అంతే. ఆ దరిద్రుడు ప్రతిసారీ చెప్పాడు."

డాక్టరుని మళ్ళీ పిలిచారు. ఆయన కొంగని తిన్నగా చూడమని, వెనకనుంచి వేలు ఆడిస్తూ నెమ్మదిగా ముందుకి తెచ్చాడు. కనబడగానే చెప్పమన్నాడు. కుడి వైపు చెంప దాటగానే ఇప్పుడు అన్నాడు. ఎడమ వైపు వేలు చెవి దాటింది, చెంప దాటింది, కంటి కొస దాటింది. వేలు దాదాపు ముక్కుకి ఎదురుగా వచ్చాక, "ఇప్పుడు," అన్నాడు.

ఎవరో కాగితాలు పోగు చేశారు. కలాలు వెళ్ళిపోయాయి. ముసలి కోచ్ కోపంగా లేడు, అలసిపోయినట్టున్నాడు. నీకు తెలుసా అని ఏజెంటమ్మని అడిగాడు. తెలియదనడానికి కావలసినంత ఖాళీ వదిలాడు ఆ మాట తర్వాత.

"తెలుసు," అంది. "సౌండు నేనే తీసేశాను."

"ఇక మాకు వీడియోలు పంపకమ్మా."

బస్సులో ఆమె అలవాటుగా అతనికి ఎడమ పక్కన కూర్చుంది. సగం దారి అయ్యాక అతను, మైకుని పిలవనన్న క్లబ్బు నంబరు మీ దగ్గరుందా అక్కా అని అడిగాడు. దిగేలోపు అక్కడి కోచ్‌కి ఫోను చేశాడు. మాట్లాడింది తక్కువ, విన్నది ఎక్కువ. చివరికి, "శుక్రవారం పొద్దున్నే సౌండుతో చూపిస్తే చూస్తారట," అన్నాడు.

*

గురువారానికి అచ్చు మెషిను వచ్చేసింది. ఆమె బల్ల గుమ్మానికి అడ్డంగా వచ్చి పడింది. అటూ ఇటూ వెళ్ళేవాళ్ళు ఒరుసుకుంటూ పోవాలి. అన్నయ్య టీ రెండు గ్లాసులు తెచ్చి బల్లమీద పెట్టి, మెషినుమీది గుడ్డ తీసే పనిలో పడ్డాడు.

కొంగ ఆమెకి కుడిపక్కన ఇరుక్కుని కూర్చున్నాడు. ఆమె పాత రీలు తెరిచింది. కొత్తగా కొయ్యాల్సింది ఏమీ లేదని అప్పుడు తెలిసింది. అవే ముక్కలు, అదే వరస. మొదట మెడ తిరిగే ముక్కనీ, దాని కింద తను రాసిన మాటనీ తీసేసింది. తర్వాత పాట తీసేసింది. కొంగ పేరున్న చోట మైకు పేరు రాసింది.

మొదలుపెట్టింది. లెఫ్టు, కింద. బంతి చప్పుడు. చేతుల్లో పడిన చప్పుడు. లెఫ్టు, పైన, దూరం. కొంగ వింటూ ఒక్కోదానికీ వేలు ముడుస్తున్నాడు. ఒకచోట నవ్వాడు. ఇక్కడ నన్ను బూతు తిట్టాడు, అది తీసెయ్యండి అన్నాడు. ఉంచుదాం, గొంతు బాగుంది అందామె. అన్నయ్య మెషిను దగ్గర్నుంచి మెడ సాచి, ఇదేంట్రా, వాడు ఆడుతున్నాడా రేడియోలో చెబుతున్నాడా అన్నాడు.

పదిహేను అయ్యాయి. పదహారోదానికి గొంతు లేదు.

ఆమె వెనక్కి జరిపి మళ్ళీ పెట్టింది. సౌండు గీతలో చిన్న ముల్లు లేదు. బంతి ముల్లు ఒక్కటే ఉంది. బంతి ఎడమ పక్కనుంచే వచ్చింది, వానలో, బాగా దూరంనుంచి. కొంగ దూకి వేలి కొసలతో పైకి తోసేశాడు. అతని ముక్కలన్నిట్లోకీ పాతది అదే. రీల్లో పెట్టాలా వద్దా అని అప్పట్లో చాలా ఆలోచించింది. ఏదో తక్కువైందనిపించింది గానీ ఏమిటో తెలియలేదు.

"దీనికి వాడు అరవలేదు," అంది.

"అవసరం లేదక్కా. అప్పటికి కనబడేది."

ఆమె ఆ ముక్కకి అటూ ఇటూ కోత పెట్టి, మైకు రీల్లోంచి బయటికి లాగింది. మంచివి అనే ఫోల్డరు మీద కాసేపు ఆగింది. చెత్త మీదికి చెయ్యి పోలేదు. చివరికి రెంటికీ దూరంగా, తెర మధ్యలో ఒంటరిగా వదిలేసింది.

"ఇంకోసారి పెట్టండి," అన్నాడు కొంగ.

పెట్టింది. వాన, బురద, దూరంగా బంతి. రెండేళ్ళ కిందటి కుర్రవాడు రెండు చేతులూ చాచి గోలు ముందు నిలబడ్డాడు. తక్కువైందేమిటో ఆమెకి ఇప్పుడు కనబడింది. అతని మెడ తిన్నగా ఉంది.

ఇరుకులో తెర అతనికి ఎడమ పక్కకి వచ్చింది. దాన్ని చూడటానికి కొంగ మెడ తిప్పి, కదలకుండా కూర్చున్నాడు.